చావడిలో అసలు పేర్లు

ఆ ఇంట్లో వీధివైపు గది అమ్మది. కిటికీ కింద కుట్టుమిషను, గోడకు ఆనించిన గుడ్డల చుట్టలు, మేకుకు వేలాడే కొలతల టేపు, మిషను బల్ల మీద బాబిన్ల డబ్బాకు ఆనించి నిలబెట్టిన సెల్‌ఫోను. కాళ్ళు మిషను తొక్కుతుంటే కళ్ళు మధ్యమధ్యలో ఫోను మీదికి పోతుంటాయి. "కదలవే తల్లీ, కదులు. ఎంతసేపు బతిమాలించుకుంటావు?" అని అమ్మ ఎవరినో బుజ్జగించడం వినిపిస్తే పక్కగదిలో ఉన్న కూతురు చిట్టికి నవ్వొస్తుంది. అమ్మ బుజ్జగించేది పడవని.

ఆ పడవ 'రేవు' అనే ఆటలోది. ఫోనులో ఎవరి రేవును వాళ్ళు కట్టుకోవాలి. పడవలు తయారు చేసుకోవాలి, సరుకు ఎక్కించాలి, గాలివాన వస్తే కాపాడుకోవాలి, ఎండబెట్టిన చేపలను పిల్లులు ఎత్తుకుపోకుండా చూసుకోవాలి. ఆ ఆటను తయారు చేసిన చిన్న కంపెనీలోనే చిట్టి ఉద్యోగం. ఆడేవాళ్ళు ఒకరినొకరు సలహాలు అడుగుతూ కబుర్లాడుకునే ఫోరమ్ ఒకటుంది. దాన్ని అందరూ 'చావడి' అంటారు. దాని బాగోగులు చూడటం చిట్టి పని. కూతురు రోజంతా ఏం వెలగబెడుతోందో చూద్దామని అమ్మ ఒకనాడు ఆట మొదలుపెట్టి, అందులోనే పీకల దాకా మునిగిపోయింది.

చావడిలో ఎవరూ అసలు పేరు పెట్టుకోరు. అమ్మ 'సూదిదారం' అని పెట్టుకుంది. ఆమెకు అక్కడ ఒక స్నేహం కూడా కుదిరింది. 'తాబేలు' అనే పేరుతో రాసే మనిషి ఎవరో, ఆడో మగో తెలియదు. ఎంత తెలివితక్కువ ప్రశ్న అడిగినా విసుక్కోకుండా, "తొందరేముందండీ, రేవు ఎక్కడికీ పోదు" అంటూ వివరంగా చెప్పేవారు.

ఆ ఆదివారం అమ్మ కొత్త పడవ ఎంతకీ నీళ్ళలోకి దిగలేదు. అమ్మకు ఫోను మీద అక్షరాలు కొట్టడం చేతకాదు. నోటితో చెబితే ఫోనే రాసుకుంటుంది. అప్పుడు నోట్లో గుండుసూదులున్నాయి. వాటిని పళ్ళ మధ్య అలాగే బిగించి, "మా పడవ నీళ్ళలో దిగటం లేదు, ఏం చేయాలి బాబూ?" అంది. ఫోను దాన్ని "మా గొడవ నీళ్ళలో దిగటం లేదు, ఏం చేయాలి బాబూ?" అని రాసుకుంది. అమ్మ చూసుకోకుండా చావడిలో పెట్టేసి, చేతిలో ఉన్న లంగా అంచు మడవటంలో పడిపోయింది.

మధ్యాహ్నం చిట్టి టీ పట్టుకుని వెళ్ళేసరికి మిషను నడుస్తోంది. బాబిన్ల డబ్బా దగ్గర ఫోను లేదు.

"ఫోనేదమ్మా?"

"సొరుగులో ఉంది."

"పడవ దిగిందా?"

"ఆ ఆట తీసేశాను లేవే. ఈ వయసులో నాకెందుకవన్నీ?" అంది అమ్మ, సూది మీంచి చూపు తిప్పకుండా. గొంతు మామూలుగానే ఉంది. కానీ ఆ మడతను అప్పటికే రెండోసారి విప్పి కుడుతోందని చిట్టి గమనించింది.

తన గదిలోకి వెళ్ళి చావడి తెరిచింది. అమ్మ ప్రశ్న కింద 'సుత్తిదెబ్బ' అనే పేరుతో ఎవడో రాశాడు: "గొడవ నీళ్ళలో దిగకపోతే ఇంట్లోనే పెట్టుకో. బుర్ర అద్దెకిచ్చావా? అక్షరం ముక్క రాని వాళ్ళంతా మా ప్రాణాలు తీయడానికే తయారవుతారు. ఫోను పక్కన పడేసి వేరే పని చూసుకో." దాని కింద వరసగా పగలబడి నవ్వే బొమ్మలు. ఆ రోజు తాబేలు జాడ లేదు.

చిట్టికి ఒళ్ళు మండిపోయింది. ఆ వెంటనే కొంచెం సిగ్గు కూడా వేసింది. ఎందుకంటే ఈ సుత్తిదెబ్బ ఆమెకు కొత్త కాదు. వాడి మీద ఎన్నోసార్లు ఫిర్యాదులు వచ్చాయి. వచ్చిన ప్రతిసారీ ఆమె ఒక మీట నొక్కేది. "మీ ఫిర్యాదు అందింది, ధన్యవాదాలు" అనే జవాబు దానంతటదే వెళ్ళిపోయేది. ఆ జవాబు అందుకున్న వాళ్ళలో ఎంతమంది తమ ఫోన్లను సొరుగులో పెట్టేశారో ఆమె ఎన్నడూ ఆలోచించలేదు.

*

కంపెనీ ఆఫీసు ఒక చెప్పుల దుకాణం పై అంతస్తులో ఉంది. మెట్లెక్కుతుంటే కొత్త తోలు వాసన ముక్కుకు తగులుతుంది. సోమవారం చిట్టి బ్యాగు కూడా దించకుండా మేనేజరు బల్ల ముందు నిలబడింది. ఆయన నెమ్మదస్తుడు. ఎవరేం చెప్పినా ముందు కళ్ళజోడు తుడుచుకుంటాడు.

"చావడిలో ఇకనుంచి అందరి అసలు పేర్లూ కనపడాలి సార్," అంది చిట్టి. "ముసుగు ఉండబట్టే కదా నోటికొచ్చినట్టు వాగుతున్నారు. ఖాతా తెరిచేటప్పుడు పేరు, వివరాలు మనకు ఇచ్చే ఉంటారు. వాటిని బయటపెడితే సరిపోతుంది. సొంత పేరుతో ఒక పెద్దావిడను బుర్ర లేదని ఎవడంటాడో చూస్తాను."

ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. "జనం పోతారేమో?"

"పోయేది తిట్టేవాళ్ళే. పీడా పోతుంది."

"పోనీ ముందు చావడిలో ఒక మాట అడిగి చూద్దామా?"

"అడిగితే తలా ఒక మాట అంటారు. ఇక ఎప్పటికీ తేలదు. చేసేద్దాం సార్. పూచీ నాది."

ఆయన ఇంకోసారి కళ్ళజోడు తుడుచుకుని, "నీ పూచీ అంటున్నావు కదా, సరే కానివ్వు," అన్నాడు.

ఆ మరుసటి వారం నుంచి చావడిలో మారుపేర్లు పోయి అసలు పేర్లు వచ్చాయి. పాత రాతల మీద కూడా అవే కనిపించసాగాయి. మొదటిరోజు కొందరు చప్పట్ల బొమ్మలు పెట్టారు. రెండో రోజుకు చావడి ఊడ్చి ముగ్గేసినంత శుభ్రంగా ఉంది. ఒక్క ఫిర్యాదు లేదు. మేనేజరు వచ్చి, "నువ్వు చెప్పిందే నిజమమ్మా," అన్నాడు. చిట్టి ఆ సాయంత్రం ఇంటికి దాదాపు గెంతుకుంటూ వెళ్ళింది.

"అమ్మా, ఇక నువ్వు నిశ్చింతగా ఆడుకోవచ్చు. ఎవడూ నిన్ను ఒక్క మాట అనలేడు. అందరి అసలు పేర్లూ పెట్టించేశాను!"

అమ్మ చేతిలో కత్తెర ఆగింది. "అందరివీ అంటే? నాది కూడానా?"

"నీదీ ఉంటుందిగా మరి."

"నేను రాసినవి కూడా నా పేరుతోనే కనిపిస్తాయా? పాతవి కూడానా?" అమ్మ కుర్చీలోంచి సగం లేచింది. "కొంప ముంచావు కదే! మీ అత్త కూడా ఆ ఆట ఆడుతుందే!"

అమ్మ భయం చిట్టికి అర్థమయ్యేలోపే మేనత్త గుమ్మంలో ప్రత్యక్షమైంది. నాన్నకు అక్క. పక్క వీధిలోనే ఇల్లు. కొత్త ఇంటి కిటికీలన్నిటికీ కర్టెన్లు కుట్టమని అమ్మకు గుడ్డ ఇచ్చి చాలా రోజులైంది. అడిగినప్పుడల్లా అమ్మ మోచెయ్యి నొప్పి అని చెబుతోంది.

"ఏమే మరదలా, మోచెయ్యి ఎలా ఉంది?" అంది మేనత్త, తియ్యగా.

"ఏదో, అలాగే ఉంది వదినా..."

"ఉండదా మరి! ఒంటిచేత్తో రేవు మొత్తం కట్టావాయె. గోదాములు కట్టావు, దీపస్తంభం కట్టావు. నా కిటికీలకు నాలుగు గుడ్డముక్కలు కట్టడానికి మాత్రం చెయ్యి లేవలేదు పాపం!"

అప్పుడే పని నుంచి వచ్చిన నాన్న గుమ్మంలో అక్కనూ, గదిలో పెళ్ళాం ముఖాన్నీ చూసి, తిరిగి చెప్పులేసుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు. అమ్మ ఆ రాత్రి భోజనానికి ముందే రెండు కర్టెన్లు పూర్తి చేసింది. కుడుతున్నంతసేపూ చిట్టితో మాట్లాడలేదు. చివరికి మాత్రం, "తిట్టినవాణ్ణి వదిలేసి నన్ను పట్టించావు కదే," అంది. ఆ మాట అంటూ నవ్వింది కూడా. కానీ ఆట మాత్రం మళ్ళీ పెట్టుకోలేదు.

*

చావడి శుభ్రంగా ఉందని మురిసిపోయిన చిట్టికి, అది శుభ్రం కాదనీ ఖాళీ అనీ వారం తిరిగేసరికి తెలిసింది. కొత్తవాళ్ళు ప్రశ్నలు అడగటం మానేశారు. తెలియనిది అడిగితే తమ తెలియనితనం పూర్తి పేరుతో సహా ఆఫీసులో వాళ్ళకూ వియ్యాలవారికీ కనిపిస్తుందని భయం. సలహాలు చెప్పేవాళ్ళూ ఒక్కొక్కరే తప్పుకున్నారు. ఒకరోజు పొద్దున తాబేలు నుంచి కూడా ఖాతా తీసేయమని విన్నపం వచ్చింది. చిట్టి ఆ ఖాతాలో ఉన్న నంబరుకు ఫోను చేసింది. అటునుంచి నిదానమైన మగగొంతు పలికింది.

"మీరు వెళ్ళిపోతే ఎలాగండీ? చావడికి మీరే కదా పెద్దదిక్కు," అంది చిట్టి.

"నాకూ బాధగానే ఉందమ్మా. కానీ నేను ఆసుపత్రిలో మత్తు ఇచ్చే డాక్టర్ని. ఆపరేషన్ బల్ల మీద పడుకున్న మనిషికి అసలే, మళ్ళీ కళ్ళు తెరుస్తానా లేదా అని గుబులు. మొన్న ఒకాయన సరిగ్గా నేను సూది వేయబోతుంటే నా ముఖంలోకి చూసి, 'మీ చేపల్ని పిల్లి ఎత్తుకుపోయిందటగా డాక్టరుగారూ' అన్నాడు. నా చేతిలో ఆయన ప్రాణం ఉంది, ఆయన మనసులో నా పిల్లి ఉంది. అది ఆయనకు మంచిది కాదు."

చిట్టి నవ్వు ఆపుకోలేకపోయింది. ఫోను పెట్టేశాక మాత్రం నవ్వు మిగల్లేదు. అందరూ వెళ్ళిపోతుంటే నిక్షేపంలా మిగిలినవాడు ఒక్కడే, సుత్తిదెబ్బ. ఇప్పుడు సొంత పేరుతో, కారు పక్కన నిలబడి నవ్వుతున్న ఫొటోతో సహా, మునుపటిలాగే తిడుతున్నాడు. ఆయన డ్రైవింగు స్కూలు నడుపుతాడట. చిట్టి పళ్ళు కొరుకుతూ ఆయనకూ ఫోను చేసింది.

"మీ పేరు, ఫొటో అన్నీ కనిపిస్తున్నాయి కదండీ. అయినా అలా రాయడానికి మొహమాటంగా లేదా?"

"మొహమాటం దేనికండీ?" అన్నాడాయన, ఎంతో మర్యాదగా. "పైగా నా పేరు చూసి ఇద్దరు కొత్తగా డ్రైవింగు నేర్చుకోవడానికి వచ్చారు. మీ కొత్త పద్ధతి నాకు బాగా కలిసొచ్చింది."

"అవతలివాళ్ళు బాధపడతారని అనిపించదా?"

"నిజం చెప్పమంటారా? పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేను 'పర్లేదండీ, మెల్లగా తొక్కండి' అంటూనే ఉంటాను. వాళ్ళు గోడకు గుద్దినా పర్లేదండీ అనాలి. ఆ ఉక్రోషమంతా చావడిలో కక్కుతాను. మరి అక్కడ ఎవరూ వద్దని అనలేదే! నవ్వారు. ఇన్నాళ్ళుగా రాస్తున్నాను, మీ ఆఫీసు నుంచి కూడా ఒక్కరు ఫోను చేయలేదు. ఇదే మొదటిది."

అది అబద్ధమైతే బాగుండేది. తన వేలు ఇన్నాళ్ళూ నొక్కిన మీట చిట్టికి గుర్తొచ్చింది.

*

ఆ ఆలోచన ఒక కొలిక్కి రాకముందే, మరునాడు ఒక సందేశం వచ్చింది. ఆటలో నెలనెలా జరిగే పడవ పందాల్లో ఎప్పుడూ ముందుండే 'మిణుగురు' రాసింది. "నా ఖాతా ఈరోజే తీసేయండి. మీరు నా పేరు చూపించాక, పందెంలో నా చేతిలో ఓడిపోయిన ఒకడు నేను పనిచేసే దుకాణం కనుక్కుని వచ్చాడు. నిన్న వచ్చాడు, ఈరోజూ వచ్చాడు." అంతే ఉంది.

చిట్టి ఆ దుకాణం ఎక్కడో ఫోనులో అడిగి, మేనేజరుకు చెప్పి బయలుదేరింది. అదొక మందుల దుకాణం. బల్ల వెనక నిలబడి మందుచీటీలు చూస్తున్న అమ్మాయికి ఇరవై రెండేళ్ళకు మించి ఉండవు. తలుపు గంట మోగినప్పుడల్లా ఉలిక్కిపడి తలెత్తుతోంది. తానెవరో చిట్టి చెప్పాక, రద్దీ తగ్గేదాకా ఆగమని సైగ చేసి, తర్వాత మందుల అలమర పక్కకు తీసుకెళ్ళింది.

"వాడు ఏమన్నాడు?"

"ఏమీ అనలేదక్కా. 'నన్ను ఓడించింది నువ్వేనా' అని నవ్వాడు. అక్కడ నిలబడి చూస్తూ ఉన్నాడు. ఏమైనా అని ఉంటే బాగుండేది, గట్టిగా అరిచేదాన్ని. మా ఓనరుగారు ఈరోజు వాణ్ణి బయటికి పంపించారు. ఇంట్లో అన్నయ్య ఉద్యోగం మానేయమంటున్నాడు."

"మానేస్తావా?"

"ఎందుకు మానేయాలి? తప్పు చేసింది నేనా?" ఆ అమ్మాయి మళ్ళీ తలుపు వైపు చూసింది. "నా పేరు అందరికీ చూపించే ముందు మీరు నన్నొక మాట అడిగి ఉండాల్సిందక్కా."

అవును, అడిగి ఉండాల్సింది. అడుగుదామా అని మేనేజరు అన్నాడు కూడా. చిట్టి ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని, "తప్పు నాదేనమ్మా. సరిదిద్దకుండా ఇంటికి వెళ్ళను," అంది.

అక్కడినుంచే మేనేజరుకు ఫోను చేసింది. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడో లేదో తెలియదు గానీ, గంట గడవకముందే చావడిలో పేర్లన్నీ మాయమై మళ్ళీ మారుపేర్లు వచ్చాయి. దుకాణం ఓనరు పోలీసులకు ఫిర్యాదు రాసిచ్చాడు. వాళ్ళు అడిగిన వెంటనే కంపెనీ ఆ మనిషి వివరాలు ఇచ్చింది. పోలీసులు వాణ్ణి పిలిపించి గట్టిగా మాట్లాడాక వాడు ఆ వీధిలో మళ్ళీ కనిపించలేదు. ఆ అమ్మాయి ఉద్యోగం మానలేదు. ఆట మాత్రం మానేసింది.

*

ఈసారి చిట్టి ఎవరినీ అడగకుండా ఏమీ చేయదలచుకోలేదు. రాగలిగినవాళ్ళంతా ఒక శనివారం ఆఫీసుకు రమ్మని చావడిలో పిలుపు పెట్టింది. మారుపేరు చెబితే చాలు, అసలు పేరు ఎవరూ అడగరని రాసింది. సుత్తిదెబ్బను, తాబేలును ప్రత్యేకంగా పిలిచింది. అమ్మను కాళ్ళావేళ్ళా పడి బయలుదేరదీసింది.

అనుకున్నదానికన్నా ఎక్కువమందే వచ్చారు. కుర్చీలు చాలక కింది చెప్పుల దుకాణం నుంచి, కొనేవాళ్ళు కూర్చుని చెప్పులు వేసుకు చూసుకునే పొట్టి పీటలు తెప్పించారు. పెద్దపెద్ద మనుషులు మోకాళ్ళు గడ్డాలకు తగిలేలా వాటిమీద కూర్చునేసరికి సభ మొదలవకముందే నవ్వులు మొదలయ్యాయి.

అమ్మ పక్కన ఒకాయన కూర్చున్నాడు. వస్తూనే తనకు దొరికిన మంచి కుర్చీని అమ్మకు ఇచ్చి తాను పీట తీసుకున్నాడు. అమ్మ చేతిలో ఫోను చూసి పలకరించాడు.

"మీరూ ఆడతారా అమ్మా?"

"ఆడేదాన్ని బాబూ. పడవ నీళ్ళలో దిగక వదిలేశాను. మా అమ్మాయి బలవంతం మీద నిన్ననే మళ్ళీ పెట్టుకున్నాను. అది ఇంకా గట్టుమీదే కూర్చుంది."

"ఏదీ, ఇలా చూపించండి. ఓ, ఇదా! పడవ కింద చెక్కలు పెట్టారు కదా, అవి తీయాలి. వేలితో అక్కడ నొక్కండి. పర్లేదమ్మా, కంగారేం లేదు, మెల్లగా... అదిగో!"

పడవ జర్రున జారి నీళ్ళలో పడింది. అమ్మ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. "నూరేళ్ళు బతుకు నాయనా! ఇంత చక్కగా చెప్పావు. నువ్వెవరు బాబూ?"

"సుత్తిదెబ్బ అంటారమ్మా నన్ను."

అమ్మ చప్పట్లు ఆపి ఆయన వైపు చూసింది. "నేను సూదిదారాన్ని."

గోడ పక్కన నిలబడ్డ చిట్టి వాళ్ళ వైపు ఒక అడుగు వేసి ఆగింది. ఆ డ్రైవింగు మాస్టారు ముఖం చెవుల దాకా ఎర్రబడింది. ఆయనే అన్నాడు, "గొడవ అని రాసుంది కదమ్మా. నవ్వొచ్చింది."

"నవ్వొస్తుంది మరి. నాకూ వచ్చింది. నోట్లో గుండుసూదులు పెట్టుకుని మాట్లాడాను కదా!" అంది అమ్మ. "కానీ బుర్ర అద్దెకిచ్చావా అన్నావు చూడు, అక్కడ నా నవ్వు ఆగిపోయింది. ఆ కింద అంతమంది నవ్వుతూనే ఉన్నారు. ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు నీ నోటికి అడ్డం రాలేదు. నాకు నీ మీదకన్నా వాళ్ళ మీదే ఎక్కువ కోపం వచ్చింది."

అప్పటిదాకా చుట్టూ సందడిగా ఉన్నవాళ్ళు చల్లబడ్డారు. అక్కడున్నవాళ్ళలో ఆ నవ్వు బొమ్మలు పెట్టినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఎవరూ ఎవరి వైపూ చూడలేదు.

"నన్ను క్షమించమ్మా," అన్నాడు మాస్టారు, మెల్లగా.

"చేశాను లే. పడవ దించావుగా."

మేనేజరు లేచి అందరినీ అభిప్రాయాలు అడిగాడు. అసలు పేర్లు ఉంచాల్సిందేనని కొందరు, వద్దే వద్దని కొందరు. మాట మీద మాట పెరుగుతుండగా మూలన పీట మీద కూర్చున్న పెద్దాయన చెయ్యెత్తాడు. తలంతా నెరిసి ఉంది. నిదానంగా లేచి నిలబడి, "నేను తాబేలును," అన్నాడు. హాలంతా చప్పట్లు మోగాయి. అమ్మ అందరికన్నా గట్టిగా కొట్టింది.

"నేను ఆసుపత్రిలో పనిచేస్తాను," అన్నాడు డాక్టరు. "మా ఆపరేషన్ గదిలోకి వచ్చి చూస్తే మేమంతా దొంగల ముఠాలా ఉంటాం. అందరి ముఖాలకూ ముసుగులే. కళ్ళు తప్ప ఏమీ కనపడవు. చాలామంది రోగులకు మా పేర్లూ తెలియవు. అయినా అక్కడ ఎవరూ ఇష్టం వచ్చినట్టు చేయరు. ఎందుకో తెలుసా? మేమెవరమో ఆసుపత్రికి తెలుసు. అదొకటి. అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. ఎంత పెద్ద డాక్టరు చెయ్యి తప్పుదారి పట్టినా, పక్కన పళ్ళెం పట్టుకున్న నర్సమ్మ 'ఆగండి' అంటుంది. నాకే ఎన్నోసార్లు చెప్పింది. కోపం వస్తుంది, కానీ ఆగుతాను. ఆ ఒక్క మాటతో ప్రాణాలు నిలబడిన రోజులు నేను చూశాను. మన చావడిలో ఇంతమందిమి ఉన్నాం. ఈ అమ్మను అంత మాట అంటుంటే ఆగమన్నవాళ్ళు లేరు. ఆరోజు నేను పనిలో ఉన్నానని తప్పించుకోవచ్చు గానీ, ఉన్న రోజుల్లో మాత్రం నేనేం చేశాను? తిట్టినవాణ్ణి దాటుకుని, అడిగినవాళ్ళకు జవాబు చెప్పి వెళ్ళిపోయాను. నా మంచితనం నేను కాపాడుకున్నాను, అంతే. ముసుగు తీయండి, ఉంచండి, మీ ఇష్టం. ఆగమనే నోరు లేకపోతే మాత్రం రెండూ ఒకటే."

ఆ తర్వాత తేల్చడం పెద్ద కష్టం కాలేదు. అసలు పేరు ఆఫీసు దగ్గర భద్రంగా ఉంటుంది. చావడిలో మారుపేరే ఉంటుంది, కావాలనుకున్నవాళ్ళు సొంత పేరు పెట్టుకోవచ్చు. ఎవరైనా హద్దు దాటితే అదేరోజు ఆఫీసు నుంచి ఒక మనిషి మాట్లాడాలి, మీట నొక్కి ఊరుకోకూడదు. మానకపోతే కొన్నాళ్ళు చావడి గుమ్మం ఎక్కనివ్వకూడదు. చూసినవాళ్ళు చూసినట్టు వెళ్ళిపోకుండా ఒక మాట అనాలి. ఈ చివరి షరతు రాసేటప్పుడు, "ఇది అందరికన్నా ముందు నాకోసం సార్, నేనూ చూసి ఊరుకున్నదాన్నే," అంది చిట్టి మేనేజరుతో. సభ అయ్యాక దానంతటదే జవాబు పంపే ఆ మీటను తీసేయించింది కూడా.

అన్నీ ఒక్కరోజులో చక్కబడలేదు. మాస్టారు నెల తిరక్కుండానే ఇంకెవరి మీదో నోరు జారి, వారం రోజులు బయట కూర్చోవాల్సి వచ్చింది. ఆ వారంలో చిట్టికి నాలుగుసార్లు ఫోను చేసి గొణిగాడు. ఆ తర్వాత ఒకరోజు, ఇల్లు కట్టబోయి రేవు తగలబెట్టుకున్న కొత్త కుర్రాడెవడో సాయం అడిగితే, ఒకడు వెక్కిరింపు మొదలుపెట్టాడు. చిట్టి ఆ రాతను చూసి ఫోను అందుకునేలోపే చావడిలో జవాబులు పడిపోయాయి. "ఆగు బాబూ" అని తాబేలు, "ఆగవయ్యా, నువ్వు పుట్టగానే పడవ నడిపావా?" అని సూదిదారం, ఇంకా ఊరూ పేరూ తెలియని ఎంతోమంది. నవ్వు బొమ్మ ఒక్కటి కూడా లేదు. వెక్కిరించినవాడు తన రాతను తానే తుడిచేసుకుని, మంట ఎలా ఆర్పాలో చెప్పి వెళ్ళాడు.

ఆ నెల పడవ పందెంలో ఎవరో కొత్త ఆటగాడు, ఎప్పుడూ వినని పేరుతో వచ్చి, పాత కాపులందరినీ వెనక్కి నెట్టేశాడు. మలుపు తిరిగే తీరు చూసి చిట్టికి మిణుగురు గుర్తొచ్చి ఒక అనుమానం వచ్చింది. ఆ పేరు వెనక ఎవరున్నారో ఆఫీసులో చూసుకోగల అధికారం ఆమెకు ఉంది. చూడలేదు. "గెలుపుకు అభినందనలు" అని మాత్రం రాసి, సంతోషంగా టీ తాగడానికి లేచింది.

చదువరులారా, మనందరి చేతుల్లోనూ ఇలాంటి చావడి ఏదో ఒకటి ఉంది. అక్కడ ఎదుటివాడి ముసుగు తీయించడం కన్నా, ఒక మనిషిని నలుగురిలో చిన్నబుచ్చుతున్నప్పుడు నవ్వకుండా, తప్పుకోకుండా 'ఆగు' అనడం మనలో ప్రతి ఒక్కరి బాధ్యత.